మూడిండ్ల అవతల కట్టిన ఎర్రగుడ్డ

నా డైరీలు అటక మీద వరుసగా ఉన్నాయి, ఒక్క రెండువేల తొమ్మిది తప్ప. ఆ ఏడాది డైరీ కింది గదిలో బల్ల సొరుగులో ఉండగా నీళ్లు వచ్చాయి. తర్వాత తీసి ఎండబెడితే అట్ట మాత్రం మిగిలింది. లోపలి కాగితాలు ముద్దయి, సిరా అంతా కలిసి ఒకే నీలం మరక అయింది. అందుకని ఇది జ్ఞాపకం పట్టుకుని రాస్తున్నది. ఒకటి రెండు మాటలు అటూ ఇటూ కావచ్చు.

అప్పుడు నేను కర్నూల్లో డిగ్రీ రెండో సంవత్సరం. పాత ఊళ్లో ముందర నాయన బట్టల అంగడి, వెనక మా ఇల్లు, పైన మిద్దె. ఆ వీధిలో ఇండ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మిద్దెల మీది నుంచే నడిచి ఎవరింటికైనా పోవచ్చు. నేను మాత్రం ఎప్పుడూ మా పిట్టగోడ దాటలేదు. కొత్తమనిషి కనిపిస్తే తలుపు వెనక్కి పోయే రకం నేను. ఎవరైనా వచ్చి నాయన యాడున్నాడని అడిగితే, నేను అక్క చెవిలో చెప్పేదాన్ని, అక్క వాళ్లకు చెప్పేది. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో పెత్తనం అవ్వది, నా నోరు అక్క.

ఆ నోటిని ఎర్రగుంట్లకిచ్చి పెళ్లి చేశారు. బావ అక్కడ సిమెంటు లారీల ఆఫీసులో పనిచేసేవాడు. రెండేళ్ల తర్వాత అక్క కాన్పుకని ఏడో నెలలో ఇంటికి వచ్చింది. మధ్యాహ్నాలు ఆమెకు నిద్ర పట్టేది కాదు. నాకేమో పాఠం పైకి చదివితేగాని తలకెక్కదు, పైకి చదవాలంటే ఎవరూ వినకూడదు. అక్క ఒక్కతె వింటే పరవాలేదు. ఆమె గోడకు దిండు పెట్టుకుని కూర్చుంటే, ఆమె పాదాల దగ్గర కూర్చుని నేను భౌతికశాస్త్రం చదివేదాన్ని.

ఒకరోజు ఆ లెక్క వచ్చింది. నేలకు సమాంతరంగా పోతున్న విమానం నుంచి ఒక సంచిని జారవిడిచారు, గాలి నిరోధాన్ని ఉపేక్షించగా అది ఎంత దూరంలో పడుతుంది?

"దూరమేంది?" అంది అక్క. "ఇడిసిన కాడ నేరుగా కిందికి పడాల గదా."

"పడదక్కా. ఇమానంలో ఉన్నెంత సేపూ సంచి గూడా ఇమానమంత జోరుగా పోతాంటాది గదా. చెయ్యి ఇడిసినంత మాత్రాన ఆ జోరు యాడికి పోతాది? కిందికి పడతానే ముందుకు గూడా పోతాంటాది. నేల తగిలేదాకా ఇమానం కిందనే ఉంటాది."

అక్క కాసేపు పైకప్పు వైపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది.

"అట్లయితే మా ఆయన తప్పేం లేదన్నమాట!"

బావ కొన్ని సాయంత్రాలు సిమెంటు లారీలో ఇంటి ముందు నుంచే పోయేవాడట. లారీ ఆపడానికి డ్రైవరు ఒప్పుకోడు. అందుకని మల్లెపూల కవరు లారీలో నుంచే వాకిట్లోకి వేసేవాడు. అది ఎప్పుడూ మా అక్క వాకిట్లో పడలేదు. పక్కింటి గేటు ముందరే పడేది.

"ఆయమ్మ ఆ కవరు పట్టుకొచ్చి, 'మీ ఆయన పూలు మా ఇంటికే పంపుతాండాడు, ఏమమ్మా సంగతి?' అంటాది. నేను ఆయనతో ఎంత కొట్లాడినానో!"

"వాకిలి కనపడినాక ఏస్తే అట్లనే పడతాదక్కా. వాకిలి ఇంకా రాకముందే ఏయాల."

"చాల్లేవే, నవ్వించొద్దు. లోపలిది తంతాండాది" అని కడుపు పట్టుకుంది.

సెప్టెంబరు ఆఖర్లో ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచి అక్క మీద పూర్తి హక్కు అవ్వదే. వెల్లుల్లి కారం, నెయ్యి, వేడన్నం, కాచిన నీళ్లు. పులుపు వాసన కూడా ఆ గదిలోకి రాకూడదు. బాలింత పులుపు తింటే బిడ్డకు కడుపునొప్పి, తల్లికి ఒళ్లు నీరు పడుతుంది అనేది అవ్వ. నేను చింతపండు పచ్చడి తిన్న చేత్తో ఉయ్యాల ఊపబోతే, "ఆ చెయ్యి కడుక్కోపో" అని తరిమింది.

దసరా అయి ఇంకా వారం కాలేదు. తుంగభద్రా హంద్రీ కలిసేచోట ఉన్నా ఎండాకాలం కుళాయి దగ్గర బిందెలు వరుస పెట్టుకునే ఊరు మాది. ఆ ఊళ్లోకి నది నడుచుకుంటూ వచ్చింది. ఎవరో "కట్ట తెగింది" అని అరుస్తూ పోయారు. అంగడి గడప మీదికి నీళ్లు రావడం, మోకాళ్లెక్కడం అంతా అరగంట పని. ఎవరికి ఏది అందితే అది పట్టుకుని మిద్దెక్కాం. నేను పాపనూ పాప గుడ్డలనూ ఎత్తుకున్నాను. అవ్వ వెల్లుల్లి కారం సీసా, నీళ్ల బిందె పట్టింది. అక్క గోడ పట్టుకుని మెట్లు ఎక్కింది. నాయన రెండుసార్లు కిందికి దిగి, నడుము లోతు నీళ్లలో నుంచి భుజాన బరువు మోసుకుని వచ్చాడు. చూస్తే రెండూ బట్టల తానులు.

"బియ్యం తెమ్మంటే గుడ్డలు తెచ్చినాడే!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. "వీటిని ఉడకబెట్టుకోని తినాల్నా?"

నాయన తడిసిన తల తుడుచుకుంటూ, "చేతికి అవే తగిల్నాయి, ఏం చేద్దును" అన్నాడు. ముప్పై ఏళ్లు ఆ అల్మారాల ముందర నిలబడిన మనిషి. ఆ చేతులకు చీకటి గదిలో బియ్యం డబ్బా ఎక్కడుందో తెలియదు.

ఆ రాత్రి గురించి రాయను. తెల్లవారి చూస్తే వీధి లేదు. మిద్దెలన్నీ ఎర్రనీళ్లలో తేలుతున్న పెట్టెల్లాగా ఉన్నాయి. అక్కనూ పాపనూ మెట్ల గదిలో పడుకోబెట్టాం. మా దగ్గర ఉన్నది రెండు బిస్కెట్ల పొట్లాలు, ఒక బెల్లం ముక్క, బిందెడు నీళ్లు. అవన్నీ అక్కకే. రెండో రోజు మధ్యాహ్నానికి బిస్కెట్లూ బెల్లమూ అయిపోయాయి. పడవలు పెద్దవీధి దాకా వచ్చాయి గాని, మా వీధికి అడ్డంగా కరెంటు తీగలు తెగి వేలాడుతుంటే వెనక్కి తిరిగిపోయాయి.

మూడో రోజు పొద్దున పాప అక్క రొమ్ము పట్టుకుని, కాసేపు లాగి, వదిలేసి ముఖం తిప్పుకుంది. మళ్లీ పట్టిస్తే మళ్లీ వదిలేసింది. ముందు రోజు మిద్దె అదిరేలా ఏడ్చిన పిల్ల, ఆ పొద్దున గొంతు లేకుండా ఏడ్చింది. అవ్వ అక్క రొమ్ము ఒత్తి చూసి, కొంగు సర్ది, బయటికి వచ్చింది.

"పాలు ఎండిపోతాండాయిరా" అంది నాయనతో. "దాని కడుపులో ఇంత ముద్ద పడాల. ఈ పొద్దు పడాల."

ఆ ఉదయమే హెలికాప్టరు మా వీధివైపు మొదటిసారి వచ్చింది. ఎగువ నుంచి ఇండ్ల వరుస వెంబడే వచ్చి, మా మీదుగా నది వైపు పోయేది. ఆగేది కాదు. పక్కవీధిలో సెల్‌ టవరు ఉన్నందుకేమో. మా నాయన తెచ్చిన తానుల్లో ఒకటి ఎర్ర లంగాగుడ్డ. దాన్ని నాలుగు బారలు చించి మెట్ల గది నెత్తిన, అన్నిటికంటే ఎత్తున కట్టాడు. పైవాళ్లకు బాగా కనబడాలని, మనకు దగ్గరగా వేస్తారని. మేం ముగ్గురం దాని కింద నిలబడి చేతులు ఊపాం. అవ్వ రెండు చేతులా కొంగు పట్టి నిలబడింది.

హెలికాప్టరు తలుపు దగ్గర కూర్చున్న సిపాయి మమ్మల్ని చూశాడు. సరిగ్గా మా నెత్తి మీదికి రాగానే తెల్ల సంచి తోశాడు. అది మా కోసమే వదిలినది, అందులో అనుమానం లేదు. కాని మా మీద పడలేదు. పక్కనున్న తాళం వేసిన ఇల్లు దాటి, దాని పక్క రేకుల షెడ్డు దాటి, వీధి చివర కూడలిలో నీళ్లలో పడింది. ఒకసారి మునిగి, తేలి, తిరుగుతూ నది వైపు వెళ్లిపోయింది.

గంట తర్వాత మళ్లీ వచ్చింది. మళ్లీ మా నెత్తి మీదే వదిలాడు. మళ్లీ కూడలిలోనే పడింది.

"వానికి కండ్లు యాడున్నాయో!" అంది అవ్వ. "ఇంత మందిమి నిలబడినాం, ఎర్రగుడ్డ కట్టినాం, నీళ్లలో పారేస్తాడా?"

"ఈసారి వాసం కట్టి గుడ్డను ఇంకా ఎత్తుకు లేపుదాం" అన్నాడు నాయన.

రెండోసారి నేను చేతులు ఊపలేదు. సంచినే చూస్తున్నాను. వదిలిన తర్వాత అది హెలికాప్టరును విడిచి వెనక్కి పోలేదు. దాని పొట్ట కిందే, దాంతోపాటే, కొంచెం కొంచెం కిందికి దిగుతూ నడిచింది. ఒకటి, రెండు, మూడు అనుకునేలోపు నీళ్లు తాకింది. అప్పుడు హెలికాప్టరు ఇంచుమించు దాని మీదే ఉంది. పుస్తకంలో చుక్కల గీతతో గీసిన బొమ్మను నేను కదులుతుండగా చూడటం అదే మొదటిసారి. చూస్తూ ఒక్క క్షణం ఆకలి మరిచిపోయాను. ఆ మాట డైరీలో రాసుకోవాలనుకుని, డైరీ లేదని గుర్తొచ్చింది.

మెట్ల గదిలోకి పోయాను. అక్క కళ్లు తెరవకుండానే అడిగింది.

"యాడ పడింది?"

"కూడల్లో."

"రెండుసార్లూనా?"

"రెండుసార్లూ. మూడిండ్ల దూరం."

అక్క కళ్లు తెరిచింది. "మా ఆయన పూల కవరు మాదిరి."

"ఊ."

"మరి పోయి చెప్పు."

"నువ్వు చెప్పక్కా. నాయనను ఈడికి పిలుస్తా."

"నాకు నోరు లేస్తాందా పిల్లా? అర్థం అయినది నీకు. నన్ను చెప్పమంటే నేనేం చెప్తా?" ఆమె మాటలు పెదవుల దగ్గరే ఆగిపోతున్నాయి. పాప ఆమె పక్కన నోరు తెరిచి, శబ్దం లేకుండా మూస్తోంది. "పో" అంది అక్క.

నాయన వాసం వెతుకుతున్నాడు. నేను ఆయన వెనక నిలబడ్డాను. ఎప్పటిలాగే ఆయన తిరిగి చూసేదాకా ఆగుదామనుకున్నాను. ఆయన తిరగలేదు.

"నాయనా, గుడ్డ ఈడ కట్టకూడదు."

"ఏందమ్మా?"

"ఈడ ఇడిస్తే ఆడ పడతాది. ఈడ పడాలంటే ఆడ ఇడవాల." ఏమీ అర్థం కాలేదని ఆయన ముఖం చెప్పింది. నేను గాలి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టాను. "వాళ్లు గుడ్డ కనపడిన కాడ ఇడుస్తాండారు. వాళ్ల తప్పేం లేదు. సంచి మూడిండ్లు ముందుకు పోయి పడతాండాది. అందుకని మన గుడ్డను మూడిండ్లు ఇటువైపు, హెలికాప్టరు వచ్చే దిక్కు కట్టాల. టైలర్ మామా వాళ్ల మిద్దె మీద."

"మన గుడ్డ వాళ్ల మిద్దె మీదనా?"

"ఊ. ఇంకోటి. మనం చేతులు ఊపకూడదు. మనం కనపడకూడదు. కనపడితే మన మీదికి వచ్చినాకనే ఇడుస్తారు."

"చెయ్యి ఊపకపోతే ఎవరేస్తారే!" అంది అవ్వ. "అడగనిదే అమ్మయినా పెట్టదు గదా!"

నాయన నా వైపు చాలాసేపు చూశాడు. ఆయనతో నేను ఒక రోజులో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. "ఇది పుస్తకాల్లో ఉండాదామ్మా?" అన్నాడు.

"ఉండాది. ఇందాక కంటితో గూడా చూసినా."

"తప్పయితే ఈసారిది గూడా పోతాది."

"పోతాది" అన్నాను.

ఆయన గుడ్డ విప్పి, భుజాన వేసుకుని పిట్టగోడ దాటాడు. నేనూ దాటాను.

మా ఇంటికి మూడో మిద్దె టైలర్ మామది. మా అంగట్లో కొన్న బట్టలు కుట్టేది ఆయనే. ఆయనా, ఆయన భార్య ఖాలా ఇద్దరే ఉంటారు. వాళ్లకూ రెండు రోజులుగా ఏమీ లేదు. నాయన విషయం చెప్పబోయి, ఎక్కడ విడవాలో ఎక్కడ పడాలో తారుమారు చేశాడు.

"క్యా శెట్టీ!" అన్నాడు మామ. "మా మిద్దె మీద నిలబడి మేం చేతులూపాల, సంచి మీ మిద్దె మీద పడాల? బాగుండాది నీ బేరం!"

నాయన నా వైపు చూశాడు. ఇక అక్కడ ఎవరి చెవీ లేదు. నేనే మామ ముఖం చూసి చెప్పాను. లారీ, పూల కవరు, పక్కింటి గేటు అన్నీ చెప్పాను. "బాలింతకు పాలు ఎండిపోతాండాయి మామా. వచ్చిన దాంట్లో సగం మీకు. మీ గుడ్డ ఇంకా మూడిండ్లు అవతల కట్టుకుంటే మీ సంచి మీ కాడికి వస్తాది."

మామ మెడలో వేలాడే టేపు ఆ వరదలో కూడా మెడలోనే ఉంది. దాన్ని వేళ్లకు చుట్టుకుంటూ ఆలోచించాడు.

"అరే, కుట్టుకు వదిలినట్టు!" అన్నాడు ఉన్నట్టుండి. "గీసిన గీత మీద కత్తెర పెడితే చొక్కా పట్టదు గదా, ఇంచు వదిలి కోస్తాం. హెలికాప్టరుకు మూడిండ్లు వదలాల. అంతేనా బేటీ?"

"అంతే మామా."

"ఇంత చిన్న మాటకు మీ నాయన అంత కష్టపడినాడు" అని గుడ్డ అందుకున్నాడు. ఖాలా లోపలి నుంచి బట్టలు ఆరేసే కర్ర తెచ్చింది.

సాయంత్రం నాలుగు కావస్తుండగా మళ్లీ శబ్దం వినిపించింది. మేం పిట్టగోడ నీడలో, గోడకు అంటుకుని కూర్చున్నాం. ఎవరికీ కనపడకుండా కూర్చోవడం నాకు అలవాటైన పనే. నాయనకూ అవ్వకూ అది చేతకాలేదు. శబ్దం దగ్గరయ్యే కొద్దీ అవ్వ లేవబోయింది. "ఒక్కసారి ఊపుతానురా" అంటుంటే నాయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. అటు మామ, ఖాలా ఎర్రగుడ్డ కింద ఎగిరెగిరి అరుస్తున్నారు.

హెలికాప్టరు వాళ్ల నెత్తి మీదికి వచ్చింది. సంచి విడిచాడు. ఒకటి, అనుకున్నాను. తర్వాత లెక్కపెట్టలేదు. తల మోకాళ్లలో పెట్టుకున్నాను.

దబ్బున శబ్దం. మెట్ల గది గోడకు కొట్టుకుని, మిద్దె మీద పడి, సంచి పగిలింది. పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు నలువైపులా దొర్లాయి. కొన్ని వీధిలోకి జారిపోయాయి. అవ్వ పిట్టగోడ మీద బోర్లా పడుకుని, జారబోతున్న ఒకదాన్ని కొంగుతో ఆపింది. నాయన పొట్లాలు ఏరడం మానేసి నా తల మీద చెయ్యి వేశాడు. అటు మిద్దె మీది నుంచి మామ, "పడిందా? సరిగ్గా పడిందా?" అని అరుస్తుంటే, "పడింది మామా!" అని నేనే అరిచాను. ఆ అరుపు విని నాకే భయం వేసింది.

అన్నమాట ప్రకారం సగం వాళ్లకు మోసుకుపోయాం. మరునాటికి మా వీధిలో ఒక్కరి గుడ్డా వాళ్ల మిద్దె మీద లేదు. మామ దుప్పటి ఎగువన మూడో ఇంటి మీద, ఆ ఇంటివాళ్ల చీర ఇంకో మూడిండ్ల అవతల.

కాని ఆ సాయంత్రం మా పని అయిపోలేదు. పొట్లం విప్పగానే ఆ వాసన వచ్చింది. అన్నీ పులిహోర పొట్లాలే. ఒక్కటి, రెండు, అయిదు విప్పాం. అన్నీ అవే.

నాయన అవ్వ వైపు చూశాడు. నేనూ చూశాను. తొమ్మిదో రోజు కూడా నిండని బాలింత. అవ్వ పొట్లం ఒళ్లో పెట్టుకుని, మెట్ల గది గుమ్మంలో కూర్చుంది. చాలాసేపు దాన్నే చూసింది. లోపలి నుంచి పాప సన్నగా మూలిగింది.

అవ్వ నీళ్ల ప్యాకెట్టు పంటితో చించి చెయ్యి కడుక్కుంది. అన్నంలో నుంచి ఎండుమిరపకాయలు, ఆవాలు, శనగపప్పు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. చింతపండు పిప్పి కనిపించిన చోట ఆ మెతుకులు తీసేసింది. సీసాలో అడుగున మిగిలిన వెల్లుల్లి కారం దులిపి కలిపింది. ఒక ముద్ద తన నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా నమిలింది.

"పులుపేమీ లేదు" అంది. "ఉత్త పసుపన్నం."

అక్క అవ్వ ముఖం చూసింది. ఏమీ అడగకుండా నోరు తెరిచింది. అవ్వ ముద్దలు చిన్నవిగా చేసి, ఒక్కొక్కటీ మింగేదాకా ఆగి, పెట్టింది. పొట్లం అయిపోయింది. రెండోదీ అయిపోయింది. ఆ తర్వాతే మేం తిన్నాం. నా పొట్లంలో అన్నం పళ్లు జిల్లుమనేంత పుల్లగా ఉంది. నేను తలెత్తి చూస్తే, అవ్వ నావైపు కాకుండా నీళ్ల వైపు చూస్తూ నములుతోంది.

వెలుతురు ఇంకా పూర్తిగా పోకముందే పాప మళ్లీ రొమ్ము పట్టింది. అక్క కదలకుండా పడుకుంది. అవ్వ గుమ్మంలో నుంచి చెవి అటు పెట్టింది. పాప వదిలేయలేదు. కాసేపటికి, ఒకదాని వెనక ఒకటి, గుటక పడే శబ్దం వినిపించింది.